టాటూ మానేదాకా అది పచ్చిపుండే

కొత్తగా టాటూ వేయించుకున్న చేతిని మొదటి రెండు మూడు వారాలు గాయంగానే చూడాలి. కాదనే వాళ్లెవరూ ఉండరు. కానీ ఆచరణలో దాన్ని కొత్త నగలా చూస్తున్నాం. వచ్చినవాళ్లకల్లా చూపిస్తాం, వేళ్లతో తడిమి చూడనిస్తాం, రంగు నిలవాలని ఎవరేది చెబితే అది పూస్తాం. మెషీన్ సూది నిమిషానికి వందలు, వేల సార్లు చర్మంలోకి దిగి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఇంక్‌ను వదులుతుంది. అరచేతంత బొమ్మ వేయించుకుంటే అరచేతంత మేర చర్మం చిల్లులు పడి తెరుచుకున్నట్టే. అంతమేర మోకాలు చెక్కుకుపోయిన పిల్లవాణ్ని ఏ తల్లీ చెరువులో ఈతకు పంపదు. ఆ పాటి జాగ్రత్త టాటూకూ దక్కాలి. అయితే జాగ్రత్త పేరుతో ఏదో ఒకటి పూయడం కూడా చేటే. మాన్చే పని చర్మమే చేసుకుంటుంది. శుభ్రంగా ఉంచి, ఆ పనికి అడ్డు తగలకుండా ఉండటమే మన వంతు.

లోపల జరిగేది తెలిస్తే ఈ మాట తేలిగ్గా నమ్మొచ్చు. ఇంక్ చర్మంలోకి దిగగానే, క్రిములను మింగే రక్షక కణాలు అక్కడికి చేరి దాన్నీ మింగేస్తాయి. ఆ కణం చనిపోతే బయటపడిన రంగును పక్కనున్న కొత్త కణం మళ్లీ పట్టుకుంటుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద చూపించారు. రంగు ఏళ్ల తరబడి నిలిచేది ఈ కణాల వల్లే, పైన రాసే నూనె వల్ల కాదు. పైపొరలో మాత్రం మామూలు గాయం కథే నడుస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు రసి కారుతుంది, అందులో కాస్త రంగు కూడా కలిసి వస్తుంది. అది చూసి బొమ్మ పోతోందని కంగారు పడక్కర్లేదు. ఆ తర్వాత పలచగా పక్కు కడుతుంది, పొట్టు లేస్తుంది, దురద మొదలవుతుంది. అసలు నష్టం జరిగేది ఇక్కడే. స్నానంలో నాని ఉబ్బిన పక్కు, తుడుచుకునేటప్పుడు టవల్ పోగుకు తగులుకుని ఊడొస్తుంది. దానితోపాటు రంగూ పోయి గీత మధ్యలో ఖాళీ మిగులుతుంది. అందుకే ముందు చేతులు కడుక్కుని, వాసన లేని తేలికపాటి సబ్బుతో, పీచు వాడకుండా రోజుకు రెండుసార్లు వేళ్లతోనే మెల్లగా కడగాలి. ఇంటిల్లిపాదీ వాడే టవల్ కాకుండా శుభ్రమైన టిష్యూతో అద్దాలి. పైన వాసన లేని ఆయింట్‌మెంట్ పలచగా రాస్తే చాలు. దురద పెడితే గోకకుండా ఓర్చుకోవాలి.

ఇక్కడ పెద్దల నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఊళ్లలో పచ్చబొట్టు పొడిపించుకున్న అమ్మమ్మలు పసుపు రాసుకుని పనిలోకి వెళ్లిపోయారు, వాళ్లకేమైంది అని. ఆ అనుభవాన్ని తీసిపారేయనక్కర్లేదు. అయితే అప్పటి పచ్చబొట్టు చాలావరకు చుక్కలు, చిన్న గీతలు, ఒక పేరు. ఇప్పుడు భుజం నుంచి మణికట్టు దాకా ఒకే రోజు గంటల తరబడి వేయించుకుంటున్నారు. గాయం పెరిగేకొద్దీ క్రిములు చొరబడే చోటూ పెరుగుతుంది. పైగా అప్పట్లో చీము పట్టి బాధపడ్డవాళ్ల లెక్క ఎవరూ రాసి పెట్టలేదు, మనకు కనిపించేది బాగా మానిన చేతులే. పసుపులో క్రిములను అదుపు చేసే గుణం ఉన్నమాట నిజమే. కానీ వంటింటి డబ్బాలో పసుపు క్రిమిరహితం చేసింది కాదు. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు మన దేశంలో పలుచోట్ల పట్టుబడింది. కూరకే పనికిరాని దాన్ని పచ్చిపుండులో ఎలా పెడతాం? పసుపు పడక ఎర్రగా దద్దుర్లు తేలేవాళ్లూ ఉన్నారు. అప్పుడు ఆ ఎరుపు ఇన్‌ఫెక్షన్‌దో, ఇంక్ అలర్జీదో, పసుపుదో డాక్టర్‌కు కూడా వెంటనే తేలదు.

పసుపు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది మెడికల్ షాపు ట్యూబు. దురద అనగానే చేతిలో పెట్టే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది దురదను, ఎరుపును తక్షణం అణిచేస్తుంది కాబట్టి బాగైందనిపిస్తుంది. కానీ అదే మందు గాయం మానడాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆ చోట రోగనిరోధకతను తగ్గిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ ముదురుతున్నా బయటికి కనబడనివ్వదు. ఇలాంటి క్రీములు పలు రకాలను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్రం 2018లో నిబంధన తెచ్చినా, చీటీ అడిగే షాపులు తక్కువే. మరోవైపు, ఏమీ రాయకుండా గాలికి ఎండనివ్వాలనే వాదం కూడా ఉంది. 1962లో శాస్త్రవేత్త జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో, ఎండిపోయి పక్కు కట్టిన గాయాల కన్నా తేమగా ఉంచిన వాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. ఎండగట్టడం వల్ల ప్రత్యేకించి మేలేమీ లేదన్నమాట. అలాగని జిడ్డు కారేలా పట్టించినా, చెమట పట్టే విశాఖ, విజయవాడ ఉక్కలో ప్లాస్టిక్ కవరు రోజంతా చుట్టి ఉంచినా చర్మం నాని మెత్తబడుతుంది. పలచగా రాయమనడం అందుకే.

నీళ్ల విషయంలో మాత్రం మినహాయింపు ఉండకూడదు. అమెరికాలో 31 ఏళ్ల వ్యక్తి ఒకరు టాటూ వేయించుకున్న ఐదో రోజు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈదాడు. వెచ్చటి ఉప్పునీటిలో బతికే విబ్రియో క్రిమి ఆ గాయంలోంచి లోపలికి పోయింది. ఆయనకు ముందే కాలేయ జబ్బు ఉంది, ఆస్పత్రిలో చికిత్స పొందుతూ చనిపోయాడు. 2017లో ఈ సంగతి వైద్య పత్రికలో వచ్చింది. ఆరోగ్యవంతులకు ఇంత ముప్పు అరుదు. కానీ తమ కాలేయం ఎలా ఉందో, షుగర్ మొదలైందో లేదో తెలియని యువకులు మన దగ్గర కోకొల్లలు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. స్నానానికి నెల ముందు నుంచి టాటూ జోలికి పోకపోవడం మంచిది. ఎండకూ ఇదే వర్తిస్తుంది. చర్మం పూర్తిగా మానేదాకా సన్‌స్క్రీన్ రాయకూడదు, వదులైన నూలు చొక్కా చేతులే కాపాడాలి.

తప్పంతా స్టూడియోలదైతే ఇంట్లో ఎంత జాగ్రత్తపడి ఏం లాభం అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2011 చివర్లో న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లో ఒకే కళాకారుడి దగ్గర టాటూ వేయించుకున్న 19 మందికి, సీసాలోనే కలుషితమైన బూడిదరంగు ఇంక్ వల్ల మొండి ఇన్‌ఫెక్షన్ సోకింది. అలాంటిది ఏ సబ్బుతోనూ పోదు. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి టాటూ ఇంక్‌లలో వేల రసాయనాలకు పరిమితులు పెట్టింది. మన దగ్గర స్టూడియో నడపడానికి శిక్షణ, తనిఖీ తప్పనిసరి చేసే దేశవ్యాప్త చట్టమే లేదు. అది రావాలి. వచ్చేదాకా రెండు తెలుగు రాష్ట్రాల్లో మున్సిపాలిటీలు కనీసం ఒక షరతు పెట్టొచ్చు: వాడిన ఇంక్ పేరు, బ్యాచ్ నంబరు, మానేదాకా తీసుకోవాల్సిన జాగ్రత్తలు తెలుగులో రాసి ప్రతి ఒక్కరి చేతికీ ఇవ్వాలని.

ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఒకటుంది. తిడతారని పొడుగు చేతుల బిగుతు చొక్కా కింద టాటూ దాచే పిల్లలు, అది వాచినప్పుడూ దాస్తారు. మూడు నాలుగు రోజులయ్యాక తగ్గాల్సిన ఎరుపు ఇంకా పాకుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, చీము పట్టినా, ఎర్రటి చారలు పైకి లేచినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు అంతదాకా కూడా ఆగకూడదు. మందలింపు తర్వాతైనా ఉంటుంది. ముందు టాటూ ఏ రోజు వేయించుకున్నారో, ఏ రంగులు వాడారో, ఇంటికొచ్చాక ఏమేం పూశారో అడిగి తెలుసుకుని, పసుపైనా ట్యూబైనా దాచకుండా డాక్టర్‌కు చెప్పండి.