ద్యూతంలో నిబ్బరం నిష్కామకర్మ అవుతుందా?
2017లో సవరించిన తెలంగాణ గేమింగ్ చట్టం నైపుణ్యక్రీడలకు పూర్వమున్న మినహాయింపును తొలగించింది. అందుచేత ధనం ఒడ్డి పోకర్ పోటీలలో పాల్గొనగోరే భాగ్యనగరవాసులు శంషాబాదు విమానాశ్రయం నుండి క్యాసినోలకు అనుమతి గల గోవాకు చేరుతుంటారు.

వారిలో కొందరి వాదం విచారణీయం. చేతిలో రెండు పేకముక్కలు, బల్లపై ఐదు. చివరి ముక్క తెరువకముందే సర్వస్వాన్ని ఒడ్డవలసిన ఘట్టంలో ఉత్తమ క్రీడాకారుడు తన నిర్ణయం యుక్తమా, కాదా అన్నదే చూస్తాడు; గెలుపోటములకు చలించడు. ఇది నిష్కామకర్మ కాదా అని వారి ప్రశ్న.

కాదు. ఆ నిశ్చలత ప్రశంసనీయమే, కాని అది గెలుపు కొరకే అలవరచుకొన్న ఉపాయం. ఒక పందెంలో ఫలచింతను విడవడం వేయి పందేలలో అధికఫలం పొందడానికే. ఆ ఫలం ఎదుటివాని నష్టం నుండే పుడుతుంది. గీతోక్తమైన సమత్వం ఫలాసక్తిని త్యజిస్తుంది. ఈ నిబ్బరం దానిని వాయిదా వేస్తుంది, అంతే.

మహాభారత వనపర్వంలో నలుడు ఋతుపర్ణుని వలన అక్షహృదయాన్ని గ్రహించి, ఆ విద్యతో పుష్కరుని జయించి రాజ్యాన్ని తిరిగి పొందాడు. అతని మహత్త్వం ఆ జయంలో లేదు. ఓడిన సోదరుని క్షమించి, అతని భాగాన్ని అతనికే ఇచ్చి పంపడంలో ఉంది.

కనుక పేకాటలో స్థైర్యం నేర్చితినని భావించే సాధకుడు ఆత్మపరీక్ష చేసుకోవాలి: గెలిచిన ధనాన్ని ఓడినవానికి తిరిగి ఇవ్వగలడా? ఇవ్వలేనంత కాలం అది నైపుణ్యమే గాని యోగం కానేరదు.