మేయర్ కుర్చీ, కమిషనర్ సంతకం

1945-46లో మద్రాస్ నగర మేయర్‌గా పనిచేసిన ఎన్. శివరాజ్ 1892లో కడపలో పుట్టారు. నగర పాలనపై పరిశోధన చేస్తున్న నాకు పీహెచ్‌డీలో చేరేదాకా ఏ సిలబస్‌లోనూ ఆయన పేరు ఎదురుపడలేదు. తెలుగు నేలపై పుట్టిన ఆయన గురించి తెలుగు విద్యార్థిగా నేను తమిళ దళిత రాజకీయ చరిత్ర చదువుతూ తెలుసుకోవాల్సి వచ్చింది.

శివరాజ్ న్యాయవాది, మద్రాస్ లా కాలేజీ అధ్యాపకుడు. మద్రాస్ శాసనమండలిలోనూ, ఆ తర్వాత ఢిల్లీలోని కేంద్ర శాసనసభలోనూ పనిచేశారు. 1942 జూలైలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు పునాది వేసిన నాగపూర్ మహాసభకు అధ్యక్షత వహించారు. అంటే మేయర్ అయ్యేనాటికే ఆయన బాబాసాహెబ్ స్థాపించిన పార్టీకి అఖిల భారత నాయకుడు. 1957లో రిపబ్లికన్ పార్టీ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడూ ఆయనే. అదే ఏడాది చెంగల్పట్టు నుంచి లోక్‌సభకు గెలిచారు.

ఆయనకంటే ముందే, 1937లో, జె. శివషణ్ముగం పిళ్లై మద్రాస్ తొలి దళిత మేయర్ అయ్యారు. ఆయన దారి కాంగ్రెస్‌ది. 1946 నుంచి 1955 దాకా మద్రాస్ శాసనసభ స్పీకర్‌గా ఉన్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా మన ప్రాంత సభ్యులు కూర్చున్నది ఆయన అధ్యక్షతనే.

ఇద్దరి దారులూ వేరు, ఇద్దరూ ఎక్కిన కుర్చీ ఒకటే. ఆ కుర్చీకి గౌరవం ఎంతో, అధికారం అంత తక్కువ. పదవీకాలం ఒక్క ఏడాది. 1919 నాటి మద్రాస్ నగర పాలక చట్టం కార్యనిర్వాహక అధికారాన్ని కమిషనర్ చేతిలో పెట్టింది. అంటరానితనం ఊపిరి సలపనివ్వని కాలంలో ఒక దళితుడు నగర ప్రథమ పౌరుడు కావడం చిన్న విషయం కాదు. కానీ ఊరి మలమూత్రాలు ఎత్తే మనిషి బతుకు మారాలంటే కావలసింది ప్రథమ పౌరుడనే హోదా కాదు, ఫైలు మీద సంతకం.

74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 243టి అధికరణం నగరపాలక సంస్థల్లో మనకు సీట్లు రిజర్వ్ చేసింది. 2022లో చెన్నై మేయర్ పదవిని షెడ్యూల్డ్ కులాల మహిళకు కేటాయించారు. 28 ఏళ్ల ప్రియా రాజన్ ఆ నగరానికి తొలి దళిత మహిళా మేయర్ అయ్యారు. సంతోషమే. అయితే చెన్నైలోనైనా, హైదరాబాద్‌లోనైనా పాలన నడిపేది రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనరే. కుర్చీకి రిజర్వేషన్ వచ్చింది, సంతకానికి రాలేదు.

శివరాజ్ జీవితం నుంచి నేను తీసుకునే పాఠం ఇది. ఆయన మేయర్ పదవి వల్ల నాయకుడు కాలేదు. పదవి ముగిశాక కనుమరుగూ కాలేదు. వెనుక సొంత సంఘం, సొంత పార్టీ ఉన్నాయి. అలాంటి బలం లేని చోట రిజర్వుడు మేయర్ రిబ్బన్ కత్తిరించడానికే మిగులుతారు. అందుకే మన డిమాండ్ పదవి దగ్గర ఆగకూడదు. పారిశుద్ధ్య కార్మికుల నియామకం, వేతనం, భద్రతపై నిర్ణయాధికారం ఎన్నికైన మండలికే దక్కాలి. కుర్చీ ఎవరిదని అడిగే పరిశోధకులం ఇకనైనా సంతకం ఎవరిదని కూడా అడగాలి.