'ముందర పోలీసులున్నారు, నెమ్మది': ఈ మెసేజ్ మన గ్రూపుకు వద్దు

కాస్త పొడుగు పోస్టే. పొలం పని, మిల్లు పని అయ్యాక తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివాకే తిట్టండి.

మన గ్రూపులో ఈ మధ్య పెళ్ళి పిలుపుల కంటే, ధాన్యం రేట్ల కంటే ఎక్కువగా కనిపిస్తున్న మెసేజ్ ఒకటుంది. "మాన్వి దాటాక స్పీడ్ గన్ పెట్టారు, చూసుకోండి." "మస్కి దగ్గర ఆపుతున్నారు." గంట తర్వాత "లేచిపోయారు, రోడ్డు క్లియర్." కింద వరసగా దండాలు, బొటనవేళ్ళు. మనవాళ్ళకు మనం సాయం చేసుకుంటున్నామని అందరి నమ్మకం. అది సాయం కాదని చెప్పడానికే ఈ పోస్టు.

ఆ మూడో మెసేజ్ ఇంకోసారి చదవండి. "రోడ్డు క్లియర్" అంటే ఏమిటి? గేదెలు అడ్డం రావడం మానేశాయా? లైటు లేని ట్రాక్టర్ ట్రక్కులు ఇంటికి పోయాయా? రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఎత్తేశారా? ఏదీ కాదు. అడిగేవాడు లేడు, తొక్కండి అని అర్థం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, గన్ ఉన్న రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోయి, మిగిలిన దారంతా మన ఇష్టం.

ఇంకో మాట. మెసేజ్ ఎవరు చదువుతున్నారో మెసేజ్‌కు తెలీదు. మన గ్రూపులో పెట్టింది పది నిమిషాల్లో ఇంకో పది గ్రూపులకు పోతుంది. రాత్రిపూట అదే బారికేడ్ దగ్గర తాగి నడిపేవాణ్ణి పడతారు, లైసెన్సు లేని కుర్రాణ్ణి పడతారు, దొంగ ఇసుక ట్రాక్టర్ని పడతారు. మన మెసేజ్ చూసి తాగినవాడు క్యాంపు లోపలి సందుల్లోంచి తిప్పుకుని పోతాడు. ఆ సందుల్లో ఆడుకునేది మన మనవలే. దొంగకు తాళం చెవి ఇచ్చి, ఇల్లు జాగ్రత్త అనుకున్నట్టుంది.

మాతో వాదించిన తమ్ముళ్ళు మూడు మాటలు అంటున్నారు. మూడింటికీ జవాబు చెబుతాం.

మొదటిది: "కెమెరా ఉందని ప్రభుత్వమే బోర్డు పెట్టాలని చట్టంలో ఉంది కదా, మేము చెబితే తప్పేంటి?" ఉన్నమాటే. 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నిబంధన ప్రకారం కెమెరా నిఘా ఉన్న రోడ్డుకు ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. కానీ ఆ బోర్డు పగలూ రాత్రీ ఒకేచోట నిలబడి అందరికీ ఒకే మాట చెబుతుంది. కెమెరా లేచిపోయిందనీ, ఇక తొక్కమనీ ఏ బోర్డూ చెప్పదు.

రెండోది: "ఇది నేరం కాదు." సరే, కాదనే అనుకుందాం. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో 2014లో ఒక ఫెడరల్ జడ్జి, ఎదుటి బండికి లైట్లు కొట్టి హెచ్చరించడం కూడా భావప్రకటనే అన్నారు. ఫ్రాన్సులో మాత్రం 2021 నుంచి, తాగి నడిపేవాళ్ళ తనిఖీ లాంటివి జరిగేచోట పోలీసుల జాడ చెప్పే యాప్ సమాచారాన్ని కాసేపు ఆపించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. మనకు కావలసింది కోర్టు తీర్పు కాదు, ఇంగితం. నేరం కానిదల్లా మంచిపని అయిపోదు.

మూడోది అసలు మాట: "పోలీసులు ప్రాణాల కోసం కాదు, డబ్బు కోసం నిలబడతారు." ఈ కోపంలో న్యాయముంది. తుప్పల వెనక దాక్కోవడం, రసీదు లేని బేరాలు గురించి వినని డ్రైవరు ఎవరు? పైగా ప్రభుత్వమే 2023 ఫిబ్రవరిలో ఒకసారి, 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్ళీ, సగం కడితే చాలు, చలానా మాఫీ అంది. పండగ డిస్కౌంట్‌లా ఫైన్లు అమ్మితే జనానికి భయం ఎక్కడుంటుంది? ఇదంతా ఒప్పుకుంటాం. అయితే రసీదు అడగండి. బోర్డు లేకపోతే కంప్లైంట్ రాయండి, సంఘం తరఫున మేమూ సంతకం పెడతాం. పోలీసు మీద కోపంతో లారీ కింద తల పెట్టడం ఏం పౌరుషం?

మేము రైల్వేలో గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాళ్ళం, అందుకని ఈ పోలిక. పట్టా బలహీనంగా ఉన్నచోట, వంతెన పని జరిగేచోట డ్రైవరుకు కాషన్ ఆర్డర్ కాగితం ఇస్తారు. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, ఎంత స్పీడులో పోవాలో అందులో ఉంటుంది. సంతకం చేసి తీసుకుంటాడు. అది పాటిస్తున్నాడా లేదా అని ఇన్‌స్పెక్టర్లు చెప్పాపెట్టకుండా లైను పక్కన నిలబడి స్పీడ్ గన్‌తో చూస్తారు. దాన్ని ఆంబుష్ చెక్ అంటారు. ఇప్పుడు ఎదురుబండి డ్రైవరు వాకీటాకీలో, "ఫలానా గేటు దగ్గర ఇన్‌స్పెక్టరున్నాడు, అక్కడ తగ్గించు చాలు" అన్నాడనుకోండి. ఆ రైల్లో మీ కూతురు పసిబిడ్డతో ప్రయాణం చేస్తుంటే ఆ డ్రైవర్ల స్నేహాన్ని మెచ్చుకుంటారా? రైల్లో హెచ్చరిక అంటే పట్టా గురించి. మన గ్రూపులో హెచ్చరిక అంటే ఇన్‌స్పెక్టరు గురించి. తేడా అక్కడుంది.

ఇక లెక్క చూడండి. రెండు వరసల మామూలు రోడ్డు మీద కారుకు 2018 కేంద్ర నోటిఫికేషన్ ఇచ్చిన హద్దు గంటకు 70. 100లో పోతే బ్రేకు తొక్కాక బండి ఆగే దూరం ఇంచుమించు రెండింతలవుతుంది. సింధనూరు నుంచి రాయచూరు సుమారు 90 కిలోమీటర్లు. 70కి బదులు 90లో పోతే, ఊళ్ళూ హంపులూ లేవనుకున్నా, మిగిలేది 17 నిమిషాలు. మాన్విలో టీ తాగేంత సేపు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నూటికి 71 మంది అతివేగం ఖాతాలోనే పోయారు.

మన జిల్లా సంగతి మీకు చెప్పాలా? 2022 ఆగస్టులో బెంగుళూరుకు కూలికి పోతూ శిరా దగ్గర లారీని ఢీకొని చచ్చిపోయిన తొమ్మిదిమందీ మన వైపు పేదవాళ్ళు. 2024 సెప్టెంబరు 5న మాన్వి దగ్గర కపగల్‌లో ఆర్టీసీ బస్సు, బడి బస్సు ఢీకొని ఇద్దరు పిల్లలు పోయారు, కాళ్ళు పోగొట్టుకున్న పిల్లలున్నారు. 2025 జనవరిలో మంత్రాలయం నుంచి హంపికి బయలుదేరిన వేదపాఠశాల కుర్రాళ్ళు ముగ్గురు, వాళ్ళ డ్రైవరు సింధనూరు దగ్గర పోయారు. ఇవన్నీ స్పీడు వల్లేనని మేము తీర్పు చెప్పడం లేదు. ఇవి మనం రోజూ తిరిగే రోడ్లు, ఇంత ప్రమాదం ఉన్న రోడ్లు అని మాత్రమే చెబుతున్నాం. ఈ రోడ్ల మీద పోలీసు ఒక్కడే ప్రమాదమన్నట్టు మెసేజ్‌లు పెట్టుకోవడం సిగ్గుచేటు.

కాబట్టి సంఘం ముందు మా ప్రతిపాదన. పోలీసుల జాడ చెప్పే మెసేజ్‌లు గ్రూపులో ఆపేద్దాం. వాటి బదులు మన కాషన్ ఆర్డర్లు మనమే రాసుకుందాం. "కాలవ గట్టు మలుపులో కంకర పోశారు." "రైస్ మిల్లు ముందు లైటు లేని ట్రక్కు ఆగింది." "కోత మిషన్ రోడ్డెక్కింది." "బడి వదిలారు, పిల్లలు దాటుతున్నారు." వీటికి ఎన్ని దండాలైనా పెట్టండి. అలాగే ఈ కోతలకు ముందు ప్రతి క్యాంపులో ట్రాక్టర్ ట్రక్కుల వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటిద్దాం. ఖర్చు సంఘం పెట్టుకోవాలని వచ్చే మీటింగ్‌లో అడుగుతాం. రోడ్డు మీద వడ్లు ఆరబోసేవాళ్ళు మనవాళ్ళే, వాళ్ళతో మాట్లాడాల్సిందీ మనమే.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి. ఒక్కటే షరతు. "నా ఇంటి పిల్లాడు బండి మీద ఉన్నా ఆ మెసేజ్ పెట్టమంటాను" అని మొదటి వాక్యం రాసి, ఆ తర్వాత వాదించండి.