తాళం వేసినా తెరుచుకొనే తలుపు

వెబ్ సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ విధించిన తరువాత కూడా అది వచ్చినవారికందరికీ తెరుచుకొంటున్నదనుకొందాం. అపాచీ సర్వర్‌పై ఇది తరచు ఎదురయ్యే చిక్కు. విధించిన నిబంధనలు ఆ ఫోల్డర్‌లోని ‘.హెచ్‌టీయాక్సెస్’ ఫైలులో ఉంటాయి. కాని ఆ ఫైలును మన్నించాలో లేదో నిర్ణయించేది సర్వర్ ప్రధాన కాన్ఫిగరేషన్‌లోని ‘అలౌఓవర్‌రైడ్’ ఆదేశం. 2012లో వెలువడిన 2.4 వెర్షన్ మొదలు, వేరుగా పేర్కొననిచో దాని విలువ ‘నన్’. అప్పుడు సర్వర్ ఆ ఫైలు ముఖమైనా చూడదు. చూడలేదని చెప్పదు కూడా. సర్వర్ ఆగిపోవడంకన్నా ఈ మౌనమే ప్రమాదకరం. విలువను ‘ఆథ్‌కాన్ఫిగ్’ అని మార్చి సర్వర్‌ను రీలోడ్ చేస్తే ఫైలు అమలులోకి వస్తుంది.

ఇక నిన్నటివరకు చెల్లిన పాస్‌వర్డ్‌కు నేడు 401 అన్న తిరస్కారం వస్తుంటే, ‘హెచ్‌టీపాస్‌డబ్ల్యూడీ’ని వాడిన తీరును పరిశీలించాలి. రెండవ వ్యక్తిని చేర్చేటప్పుడు కూడా ‘-సి’ ఇచ్చినచో పాత ఫైలు తుడిచిపెట్టుకుపోయి, మొదటివారి పేరు మాయమవుతుంది. 403 వస్తే సాధారణంగా ఫైళ్ల అనుమతులలోనో, ఇతర నిబంధనలలోనో లోపమున్నది. ఎర్రర్ లాగ్ చూస్తే తెలుస్తుంది.

పాస్‌వర్డ్ ఫైలును వెబ్‌కు అందే ఫోల్డర్లకు వెలుపలనే ఉంచాలి. బేసిక్ పద్ధతిలో పాస్‌వర్డ్ బేస్64 రూపంలో ప్రయాణిస్తుందే గాని రహస్యలిపిలో కాదు; హెచ్‌టీటీపీఎస్ లేనిచో దారి కాచినవారు దానిని సులువుగా చదువుకోగలరు.