అరకులో పొయ్యి దగ్గర

సెలవులకు సబ్బవరం నుండి అరకు వెళ్లి, వంటగది ఉన్న గదిలో మూడు రోజులు ఉన్నాము. డబ్బు కలిసివస్తుందని బియ్యం, పప్పు, ఆవకాయ మూటగట్టుకున్నాము. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది గనుక కుక్కరు లేకుండా కందిపప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. నానబెట్టాలని మాకు తోచలేదు.

పిల్లలతో బొర్రా గుహలు చూచి వచ్చేసరికి వారి తల్లి ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నది. “ఇంటి దగ్గరా ఇదే, ఇక్కడా ఇదే” అన్నది. మాకు సిగ్గువేసింది.

మరునాడు ఉప్మా మేమే చేశాము. (ఉప్పెక్కువైనా పిల్లలు నోరెత్తలేదు.) మధ్యాహ్నం బయట బొంగు చికెన్, రాత్రికి గదిలోనే పెరుగన్నం, ఆవకాయ. ఒక పూట బయట భోజనానికి డబ్బు ముందే వేరుగా ఉంచుకోండి. మేము ఉంచక, తిరుగు ప్రయాణపు డబ్బులోనుండి తీశాము.

ఆ సాయంత్రం ఆమె చాపరాయి నీళ్లలో కాళ్లు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నది.