బిడ్డ ఒక్కడే... తలో మాటా?

మా పక్కింటి బాబుకి ఎనిమిదేళ్లు. లెక్కలు నోటితో టకటకా చెప్పేస్తాడు. చొక్కా గుండీలు మాత్రం పెట్టుకోలేడు. నాలుగు లైన్లు రాసేసరికి చెయ్యి నొప్పంటాడు. "ఒట్టి బద్ధకం" అన్నారు బళ్లో. "తల్లి గారాబం" అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. చివరికి ఎవరో చెబితే వాళ్లమ్మ హైదరాబాదు తీసుకెళ్లి ఆక్యుపేషనల్ థెరపిస్టుకి చూపించింది.

ఈ పేరు మనలో చాలామందికి కొత్తే. తినడం, బట్టలు వేసుకోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు ఎవరికి వారు చేసుకునేలా తర్ఫీదిచ్చే చికిత్స ఇది. కమలా నింబ్కర్ చొరవతో మన దేశంలో మొదటి శిక్షణ బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1950లోనే మొదలైంది. అయినా మన బళ్ల గుమ్మం దాకా ఇంకా పూర్తిగా రాలేదు.

థెరపిస్టు పెన్సిల్‌కి లావుపాటి రబ్బరు తొడుగు వేయమంది. కాళ్లు వేలాడకుండా పీట పెట్టమంది. టీచరుగారేమో "ఈ వేషాలేమిటి?" అని తొడుగు తీయించేశారు. ఆవిణ్ణి మాత్రం ఏమనగలం? క్లాసు నిండా పిల్లలు, పైగా ఆవిడకి ఎవరూ చెప్పలేదాయె! అక్కడి మాట ఇక్కడికీ, ఇక్కడి మాట అక్కడికీ మోసి మోసి, "ఇంక మానేస్తాను వదినా" అని ఆ తల్లి ఓరోజు నా దగ్గర ఏడ్చేసింది.

ఆ తర్వాత థెరపిస్టు టీచరుగారికి తెలుగులో ఒక్క పేజీ ఉత్తరం రాసింది. టీచరుగారు ఫోన్ చేసి, "పొద్దున బాగానే రాస్తాడు, మధ్యాహ్నానికే అలిసిపోతాడు" అన్నారు. ఆ సంగతి థెరపిస్టుకీ తెలీదు! రాతపని పొద్దుటికి మార్చారు. ఇప్పుడు బాబు అరపేజీ రాస్తున్నాడు.

ఇది ఒక్క ఉత్తరం చేసిన పని. అదే అందరూ కలిసి కూర్చుంటే? వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఇలాంటి పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. నెలకోసారి అక్కడ థెరపిస్టులూ టీచర్లూ కలవకూడదా? ఒక జిల్లాలో థెరపిస్టు దొరక్కపోతే పక్క జిల్లావాళ్లు రాకూడదా? థెరపీ చదివే విద్యార్థులు నాలుగు రోజులు పల్లె బడి బెంచీ మీద కూర్చుని చూడాలి. బి.ఎడ్. చదివేవాళ్లు పిల్లవాడి వేళ్లు పెన్సిల్‌ని ఎలా పడతాయో థెరపిస్టు పక్కన నిలబడి నేర్చుకోవాలి. రేపు పిల్లల్ని చూసుకోవలసింది వాళ్లే కదా!

అన్నట్టు, అక్కడ తల్లికీ ఒక కుర్చీ వేయండి. బిడ్డను ఇరవైనాలుగు గంటలూ చూసేది ఆవిడే మరి. ఏమంటారు?