వయసు పెంచుకునే కార్లు!

ఎవరినైనా వయసెంతని అడగండి. ఓ రెండేళ్లు తగ్గించే చెబుతారు. తెల్లజుట్టుకు రంగేస్తారు, ముడతలకు క్రీములు రాస్తారు. కానీ కార్ల లోకంలో ఓ జాతి ఉంది. దానిదంతా తిరకాసు వ్యవహారం. 1985లో పుట్టి, 1970లో పుట్టినట్టు కనిపించాలని తహతహలాడుతుంది. ఆ ముచ్చట తీర్చడానికి యజమాని డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెడతాడు. ఉన్న బంపర్లు పీకించి పాతకాలంవి పెట్టిస్తాడు. బానెట్ మార్పిస్తాడు. లైట్లు, అద్దాలు, సీటు కవర్లు... అన్నీ వెనకటివే కావాలంటాడు.

ఆ కారు పోర్షె 911. జర్మనీ వాళ్ల స్పోర్ట్స్ కారు. ఆ సరదా పేరు 'బ్యాక్‌డేటింగ్'. అంటే తేదీని వెనక్కి జరపడమన్నమాట!

ఉన్న కారును కొత్తగా మెరిపించుకోవాలి గానీ పాతగా మార్చుకోవడమేంటి... అనిపిస్తోంది కదూ? ఆ కిటుకు కాకినాడ వాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఎందుకంటే ఈ కథలో అసలు విలన్ తుప్పు!

హార్మోనియం బంపర్లు

ముందు కాస్త చరిత్ర. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఈ కారును తొలిసారి చూపించినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా వచ్చే మూడంకెల పేర్లు తమవేనని ఫ్రాన్స్ కంపెనీ పూజో అభ్యంతరం చెప్పడంతో అది 911 అయింది. గుండ్రటి కళ్లలాంటి లైట్లు, తోకదాకా జారిపోయే పైకప్పు, డిక్కీ ఉండాల్సిన చోట ఇంజిను... దాని తీరే వేరు. ముక్కు చివరిదాకా సాగే పొడవాటి బానెట్, సన్నటి బంపర్లు ఆ తొలినాటి కార్లకు అందం తెచ్చాయి.

1974 మోడల్‌తో ఆ ముఖం మారిపోయింది. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో గుద్దుకున్నా కారుకు దెబ్బ తగలకూడదని అమెరికా నిబంధన పెట్టింది. అమెరికాలో అమ్ముకోకపోతే పోర్షెకు గడవదు. దాంతో లావుపాటి బంపర్లు వచ్చాయి. గుద్దినప్పుడు లోపలికి నొక్కుకోవాలి కాబట్టి వాటి పక్కన హార్మోనియం తిత్తుల్లా ముడతల రబ్బరు పెట్టారు. బంపరుకు చోటివ్వడానికి బానెట్‌ను పొట్టి చేశారు. భద్రత పెరిగింది... అభిమానుల దృష్టిలో అందం తగ్గింది. ఈ తరహా కార్లు 1989 దాకా దాదాపు రెండు లక్షలు తయారయ్యాయి.

అందమైనవి పాతవైతే వాటినే కొనుక్కోవచ్చుగా? అక్కడే ఉంది మెలిక.

ఉప్పుగాలి చెప్పే పాఠం

కాకినాడలో సముద్రం వైపు ఇల్లున్నవాళ్లకు ఇనుము సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కిటికీ చువ్వలకు ఏడాదికోసారి రంగెయ్యకపోతే పొట్టు రేగిపోతుంది. వరండాలో పెట్టిన సైకిలు గొలుసు నాలుగు వానలకే బిగుసుకుపోతుంది. ఉప్పు, తేమ కలిస్తే ఇనుము గతి అంతే. ఐరోపాలో, అమెరికాలో సముద్రం దగ్గరలేని ఊళ్లకూ ఈ బాధ తప్పదు. చలికాలంలో రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు మరి!

తొలినాటి 911ల బాడీ మామూలు ఉక్కు రేకు. ఆ ఉప్పుకు తలుపుల కింద, చక్రాల పైన, ముందు పెట్రోలు ట్యాంకు చుట్టూ తినేసింది. బయటికి నిగనిగలాడే కారును పైకెత్తి చూస్తే అడుగున జల్లెడ! 1976 మోడల్ నుంచి పోర్షె బాడీ రేకుకు రెండువైపులా జింకు పూత పూయించింది. మన ఇళ్లలో బకెట్లకు, పాకల పైకప్పు రేకులకు ఉండే పూతలాంటిదే. జింకు తాను ముందు కరిగిపోతూ కింది ఇనుమును కాపాడుతుంది. ఆ నమ్మకంతోనే కారు అడుగుభాగం తుప్పు పట్టదని కంపెనీ ఆరేళ్ల హామీ కూడా ఇచ్చింది. ఆ రోజుల్లో అది గొప్పే.

ఇప్పుడు లెక్క చూడండి. పాత కారుకు అందముంది, ఒంట్లో సత్తువ లేదు. మిగిలినవి తక్కువ, ధర ఆకాశంలో. తర్వాతి కారుకు ఒళ్లు గట్టిది, ఇంజిను పెద్దది, బోలెడన్ని ఉన్నాయి. లేనిదల్లా ఆ పాత ముఖమే. రెంటికీ పెళ్లి చేస్తే పోలా... అన్న ఆలోచనే బ్యాక్‌డేటింగ్.

కోత ఎక్కడ... కుట్టు ఎక్కడ?

ముఖం మార్చడం కొంతవరకు సులువే. 911 ముందు చక్రాల మీది రెక్కలు బోల్టులతో బిగించి ఉంటాయి. విప్పేసి, పాత ఆకారంలో చేసినవి తగిలించొచ్చు. వాటితోపాటు పొడవు బానెట్, సన్న బంపరు. రేకుతో చేసినవి, ఫైబర్‌వి, కార్బన్ ఫైబర్‌వి... ఎవరి జేబును బట్టి వాళ్లవి. లావు బంపర్లు పోవడంతో కారు బరువూ తగ్గుతుంది. వెనకవైపే చిక్కు. అక్కడి రెక్కలు బాడీలో భాగంగా వెల్డు చేసి ఉంటాయి. కొత్త బంపరు కూర్చోవాలంటే రేకు కొయ్యాలి, అతకాలి. ఒకసారి కోశాక మళ్లీ వెనక్కి రావడం కష్టం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఈ సరదాను వ్యాపారంగా మార్చి పేరు తెచ్చుకున్నవాడు రాబ్ డికిన్‌సన్. ఇంగ్లండ్‌వాడు. ఒకప్పుడు కేథరిన్ వీల్ అనే రాక్ బృందంలో గాయకుడు. 2009లో అమెరికాలోని కాలిఫోర్నియాలో 'సింగర్' పేరుతో కంపెనీ పెట్టాడు. 1989 - 94 మధ్య వచ్చిన 911ను తీసుకుని, ఊడదీసి, కార్బన్ ఫైబర్ ఒంటితో 1960ల నాటి రూపానికి తెస్తారక్కడ. అలా తయారైన కారు ధర అసలైన పాత 911లు చాలావాటి ధరను మించిపోయింది. నకలు అసలును మించడమంటే ఇదే!

బాతుతోక మాయ

రూపం మీద మోజు ఇంతగా ఉన్నప్పుడు మోసం కూడా దాని వెనకే వస్తుంది. 1972 చివర్లో పోర్షె 'కరెరా ఆర్ఎస్ 2.7' అనే కారు తెచ్చింది. వెనక బాతుతోకలా పైకి లేచిన భాగం దాని గుర్తు. పందేల్లో పాల్గొనే అర్హత కోసం 500 చేస్తే చాలనుకున్నారు. గిరాకీ చూసి చివరికి 1,580 చేశారు. ఇప్పుడది సేకర్తల కలల కారు. బాతుతోక మాత్రం ఎవరైనా తగిలించుకోవచ్చు. దాంతో ఆ రూపంలో తిరిగే కార్లన్నీ ఆ 1,580లోవి కావు!

మరి అసలేదో నకలేదో ఎలా తేలుతుంది? నిపుణులు తోక వంక చూడనే చూడరు. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు, గేరుబాక్సు నంబరు... ఇవి కంపెనీ రికార్డుతో సరిపోయాయా అని చూస్తారు. చిన్నచిన్న గుర్తులూ సాయపడతాయి. 1972 మోడల్‌నే తీసుకోండి. ఆ ఒక్క ఏడాది ఆయిలు పోసే మూతను కారు బయట, కుడి తలుపు వెనక పెట్టారు. బంకుల్లో పనివాళ్లు అదే పెట్రోలు మూత అనుకుని అందులో పోసేసేవారట! మరుసటి ఏడాదే దాన్ని ఎత్తేశారు. అందుకే ఆ బుల్లి మూత ఇప్పుడు పుట్టుమచ్చలాంటి ఆనవాలు.

కాజా న్యాయం

ఇంతకీ పాత ముఖం తొడగడం తప్పా? దీనికి కాకినాడ కాజాయే సమాధానం. గొట్టం కాజా ఏ ఊళ్లోనైనా చేసుకోవచ్చు. పాకం కుదిరితే లొట్టలేసుకుని తినొచ్చు. అందులో ఏ తప్పూ లేదు. హైదరాబాద్‌లో చేసి, ఈ పొద్దునే కాకినాడ నుంచి దిగిందని చెప్పి అమ్మితేనే తప్పు. కార్లకూ అదే న్యాయం. ఇది 1985 కారు, ముఖం 1970ది అని చెప్పుకుంటే అది కళ. వయసే 1970 అని చెబితే దగా.

చెప్పినా తీరని నష్టం మరొకటుంది. 1980ల నాటి 911లను చవగ్గా దొరికే రోజుల్లో ఎడాపెడా కోసేశారు. వాటిని అడిగేవాడు లేడు, కోస్తే ఏం పోయిందనుకున్నారు. ఇప్పుడు ఆ హార్మోనియం బంపర్లకే అభిమానులు తయారయ్యారు. చెక్కుచెదరని కారు దొరికితే ఎంతైనా ఇస్తామంటున్నారు. ఒక తరం చీదరించుకున్నది తర్వాతి తరానికి ముద్దొచ్చింది. కోసినవాళ్లు నాలుక కరుచుకున్నారు!

మన వీధిలోనూ ఉంది

పోర్షెలు మనకెక్కడివి అనుకోకండి. ఈ మోజు మన రోడ్ల మీదా ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2009లో క్లాసిక్ మోడల్ తెచ్చినప్పుడు కంపెనీయే కొత్త ఇంజినుకు 1940ల చివరినాటి బుల్లెట్ రూపు తొడిగింది. జనం ఎగబడి కొన్నారు. ఇక జీపులు. మామూలు జీపును రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్‌లా మార్పించుకునే సరదారాయుళ్లు మన దేశంలో తక్కువేం కాదు. ఎదురైతే ముందు జాలీలో నిలువు చీలికలు లెక్కపెట్టండి. యుద్ధకాలపు జీపులకు తొమ్మిది ఉండేవి. తర్వాత పౌరుల కోసం చేసినవాటికి ఏడే. అంబాసిడర్ సంగతి మరీ సులువు. 1957 నుంచి 2014 దాకా ఒంటి ఆకారం పెద్దగా మారలేదు. జాలీ, లైట్లు, బంపర్లు మారిస్తే మనవడు తాతలా కనిపిస్తాడు.

అయితే మన దగ్గర చట్టం ఊరుకోదు. కంపెనీ ఇచ్చిన, ఆర్సీలో నమోదైన వివరాలు మారిపోయేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చిచెప్పింది. రంగు మార్పు లాంటి చిన్నవాటి సంగతి వేరు. ఒళ్లు కోసి, ఆకారం మార్చితే మాత్రం పోలీసులతోనూ, బీమాతోనూ తిప్పలే.

పాతబండి ఉన్న కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. 2021 జులైలో కేంద్రం వింటేజి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. తర్వాత పొడిగించుకోవాలంటే 5 వేలు. రోజువారీ తిరగడానికి వీల్లేదు గానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తీసుకెళ్లొచ్చు. షరతేంటంటే... బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మార్చి ఉండకూడదు.

అంటే 1978లో రిజిస్టరైన తాతగారి అంబాసిడర్ 2028లో ఆ అర్హతకు చేరుతుంది. ఈలోగా ఏ మెకానిక్కో సలహా ఇచ్చాడని బాడీ కోయించి 1960 మోడల్‌లా ముస్తాబు చేయించారనుకోండి. చూడ్డానికి పద్దెనిమిదేళ్లు పెరుగుతుంది. చట్టం దృష్టిలో మాత్రం నిజమైన యాభయ్యేళ్ల గౌరవానికే ఎసరు! అదీ గాక, తాత చేతి స్పర్శ తగిలిన తలుపు పాతసామాన్ల కొట్టుకు పోతుంది.

మోజు తీరాలి... బండి మిగలాలి

పాత అందం మీద మనసు పడ్డవాళ్లు అందుకే ఒక పద్ధతి పాటిస్తారు. బోల్టు విప్పి మళ్లీ బిగించగల మార్పులే చేయిస్తారు. కోత, వెల్డింగ్ జోలికి పోరు. తీసేసిన జాలీ, బంపరు, లైట్లు, చివరికి స్క్రూలతో సహా ఒక పెట్టెలో పెట్టి, నూనె గుడ్డ చుట్టి అటక మీద పెడతారు. మన ఉప్పుగాలికి అదీ అవసరమే. పని మొదలుపెట్టే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, బిల్లులతో కలిపి ఫైలు చేస్తారు. ఆర్సీలోకి ఎక్కే మార్పయితే ముందే రవాణాశాఖ అధికారిని అడుగుతారు. అమ్మే రోజొస్తే ఆ ఫైలూ, ఆ పెట్టె కొనేవాళ్ల చేతిలో పెడతారు.

కొనేవాళ్లకూ ఓ మాట. ముఖం చూసి మురిసిపోకండి. ఛాసిస్ మీద గుద్దిన నంబరును ఆర్సీతో పోల్చండి. నంబరు పలక కూడా కొంత కథ చెబుతుంది. రాష్ట్రమంతటికీ ఒకే 'ఏపీ 39' సిరీస్ 2019లో వచ్చింది. 'ఏపీ 05' కనిపిస్తే అది అంతకుముందు తూర్పుగోదావరిలో రిజిస్టరైన బండి అన్నమాట. బంపర్లు మారినా కాగితాలు మాట మార్చవు.

కారుకు ఏ కాలపు ముఖమైనా తొడుక్కోవచ్చు... పుట్టినరోజు అడిగితే మాత్రం నిజమే చెప్పాలి!